ఎండలో రెండు వాటాలు

మూడో అంతస్తు, కిటికీ పక్కన

పిట్టకి,

కవర్లు అయిపోయాయి, కార్డు మీద రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. ముఖ్యమైన సంగతి ఒకటుంది. మా వీధి చివర వాటాలు ఇస్తున్నారు. దక్షిణం వైపు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచి ఎండ. రెండు తీసుకుందామని ఉంది. ముందుగా కొంత కట్టాలి. మీ అన్నయ్య డబ్బు ఉంది కదా, అందులోంచి కడతాను. రెండోది నీ పేరున పెట్టమంటావా? ఫోన్లో చెబుదామంటే నీకు సగమే వినిపిస్తుంది, తక్కిన సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకని ఇలా రాస్తున్నాను. వాళ్ళు తొందరపెడుతున్నారు, వెంటనే జవాబియ్యి. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది కానీ చోటు అయిపో

వదిన

*

ఆసుపత్రి క్వార్టరు, వెనక వరండా

వదినా,

నీ కార్డు డ్యూటీలో ఉండగా చేతికొచ్చింది. లాండ్రీలో మిషన్లన్నీ తిరుగుతున్నాయి. తడి దుప్పట్ల బండి పక్కన నిలబడి ఒకసారి చదివాను, మళ్ళీ చదివాను. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా ఎవరేమడిగినా సరే సరే అంటూ తిరిగాను. దాంతో ఆపరేషన్ గదికి పోవాల్సిన దుప్పట్లు పిల్లల వార్డుకి పోయాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి పొరపాటు చేయడం ఇదే మొదలు. చీవాట్లు తిన్నాను. తింటూ కూడా నవ్వాను.

పెట్టు వదినా. నా పేరున పెట్టు. దీనికి నన్ను అడగాలా?

అవి పక్కపక్క వాటాలా, ఎదురెదురా? పైనా కిందా అయితే కిందిది నువ్వు తీసుకో, నీ మోకాళ్ళకి మెట్లు పనికిరావు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, తన పెళ్ళానికి లిఫ్టు లేని మూడో అంతస్తు చూసిపెట్టాడు, మా అన్నయ్య తెలివి అలా ఉండేది. మధ్యలో తలుపుంటే గడియ నీ వైపే పెట్టించు. నా వైపు ఉంటే ఆడపడుచు పెత్తనం అంటారు నలుగురూ. నాకు వేరే వంటిల్లు కూడా అక్కర్లేదు. నీ వైపే వండుకుందాం, నువ్వు వండు, గిన్నెలు నావి.

ఎండ పడుతుందని రాశావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయాను. నా బతుకంతా ఆవిరి గదిలో ఊరివాళ్ళ దుప్పట్లు ఆరబెట్టించడంతోనే సరిపోయింది. నా సొంత దుప్పటి ఒక్కటి ఎండలో ఆరేసి, సాయంత్రం తీసి, వెచ్చగా ఉండగానే మడతపెట్టుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. ఇది కూడా ఒక కోరికేనా అని నవ్వకు.

అన్నయ్య పోయాక నువ్వొక్కదానివీ ఎలా ఉంటున్నావో అని రోజూ అనుకుంటాను. అడిగితే నన్ను రమ్మనమని అడుగుతున్నట్టు ఉంటుందని ఇన్నాళ్ళూ అడగలేదు. ఇవాళ ధైర్యంగా రాస్తున్నాను. ఈ క్వార్టరు ఎలాగూ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. దాని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు బుర్ర పాడుచేసుకోకు.

ఇవాళ అన్నం సయించింది వదినా.

నీ పిట్ట

*

మూడో అంతస్తు, కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని

పిట్టా,

నీ ఉత్తరం చదివి ముందు పకపకా నవ్వాను. తర్వాత నాలుక కరుచుకున్నాను. తప్పంతా ఆ కార్డుదీ, నాదీ. అది ఇంటి వాటా కాదే తల్లీ. సోలారు వాటా.

వివరంగా చెబుతాను విను. మా వీధి చివర పెద్ద గిడ్డంగి ఉంది కదా, దాని కప్పు మీద సోలార్ పలకలు పరుస్తున్నారు. సొంత కప్పు లేని మాలాంటి అద్దె ఇళ్ళవాళ్ళు అందులో వాటా కొనుక్కోవచ్చు. మన వాటాకి ఎంత కరెంటు పుడితే అంత మన బిల్లులోంచి తీసేస్తారు. ఇంటికి ఒక్క తీగ కూడా రాదు, ఇంట్లో ఏమీ బిగించరు. ఎండ అక్కడ కాస్తుంది, బిల్లు ఇక్కడ తగ్గుతుంది. అంతా కాగితం మీదే.

చెప్పడానికి ఆ పలకలు వేయించే సొసైటీ నుంచి ఒకాయన వచ్చాడు. ఎండ అమ్మడానికి వచ్చిన మనిషి గొడుగు వేసుకుని మరీ వచ్చాడు. నేను గొడుగాయన అని పేరు పెట్టాను. తలుపు కొడితే "ఎవరూ" అన్నాను. గొంతు పెగల్లేదు, దగ్గి మళ్ళీ అనాల్సొచ్చింది. ఎన్నాళ్ళయిందో ఆ మాట అని. ప్యాంట్లు పొట్టి చేయించుకునేవాళ్ళు కూడా ఇప్పుడు కింద కొట్లో ఇచ్చి పోతున్నారు, కొట్టతను సంచీలో పెట్టి మెట్ల మీద వదిలేస్తాడు.

వచ్చి ఉంటానని రాశావు. చదివి నా కడుపు నిండిపోయింది. కానీ నువ్వు నా కోసం అంత త్యాగం చేయక్కర్లేదు పిట్టా. నీకక్కడ ఉద్యోగం ఉంది, నలుగురు మనుషులున్నారు, క్వార్టరుంది. ఇక్కడేముంది, ఒక గదీ, వంటిల్లూ, నేనూ. వదిన ఒంటరిదైపోయిందని జాలిపడి నువ్వు అన్నీ వదులుకుంటే మీ అన్నయ్య నన్ను క్షమించడు. నేను బాగానే ఉన్నాను.

ఇప్పుడు నీ సలహా కావాలి. ఒక్కో వాటాకి కట్టాల్సింది మీ అన్నయ్య పోయాక వచ్చిన డబ్బులో పావు వంతు. రెండంటే దాదాపు సగం. లెక్కల మనిషివి నువ్వే. తీసుకోవచ్చా, దండగా?

వదిన

*

ఆసుపత్రి క్వార్టరు

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. నేనూ వేళాకోళానికే రాశాను, మీరేమీ అనుకోవద్దు. సోలారు అని నాకు ముందే అనుమానం వచ్చింది.

మీరడిగిన దానికి నా అభిప్రాయం. మీ ఇంట్లో నడిచేది ఒక ఫ్యాను, రెండు దీపాలు, కుట్టుమిషను మోటారు, ఇస్త్రీ పెట్టె. ఒక్క మనిషి. ఒక వాటా కరెంటు వాడటమే మీకు కష్టం. వాడని కరెంటుకి డబ్బు తిరిగిస్తారా, లేక ఏడాది చివర సున్నా చేసేస్తారా అన్నది అడగండి. సున్నా చేస్తారనే నా నమ్మకం. ఏటేటా పలకలు కడిగే ఖర్చు, మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో అడగండి. మీరు ఇల్లు మారితే వాటా మీతో వస్తుందో రాదో అడగండి. అన్నీ వాడుకునే కుటుంబానికైనా పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. మా ఆసుపత్రి మీద పలకలు వేసినప్పుడు చెప్పుకోగా విన్నాను.

ఒక్క మనిషికి ఒక వాటానే ఎక్కువ. రెండెందుకో నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

మూడో అంతస్తు

పిట్టా,

"గారు" ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మనకి చుట్టరికం కలిసి ఇన్నేళ్ళయింది, ఎప్పుడైనా నన్ను మీరు అన్నావా? పెళ్ళయిన కొత్తలో కూడా "ఒసే వదినా, నీ జడ నేనేస్తాను రా" అని లాక్కుపోయిన దానివి. ఏదో మనసులో పెట్టుకున్నావు. వేళాకోళానికి రాశానన్నావు, సరే. కానీ వేళాకోళానికి దుప్పటి సంగతి రాస్తారా ఎవరైనా?

నువ్వు అడగమన్నవన్నీ అడిగాను. గిడ్డంగిలో మీటింగు పెట్టారు. లోపల ఖాళీ, అట్టపెట్టెల వాసన. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మందుల షాపాయన, పిల్లలకి పియానో నేర్పే ఆవిడ, కింది అంతస్తు భార్యాభర్తలు, ఇంకా మొహం మాత్రమే తెలిసినవాళ్ళు బోలెడుమంది. ఒకే వీధిలో ఇన్నేళ్ళు ఉండి వాళ్ళ గొంతులు వినడం అదే మొదలు. పియానో ఆవిడ గొంతు ఎంత సన్నగా ఉంటుందో అనుకున్నాను, తీరా చూస్తే లారీ డ్రైవరు గొంతు.

మిగిలిన కరెంటు ఏడాది చివర సున్నా అయిపోతుంది, నువ్వు చెప్పిందే నిజం. కడిగే ఖర్చు వాటాదార్లదే, కాకపోతే వంతులవారీగా మనమే ఎక్కి కడిగితే ఆ ఖర్చు ఉండదు. ఇల్లు మారినా ఇదే ఊళ్ళో ఉంటే వాటా మనతో వస్తుంది, లేదంటే ఇంకొకరికి అమ్ముకోవాలి. పలకలు పాతికేళ్ళు పనిచేస్తాయట, పోను పోను నెమ్మదిస్తాయట. "మనలాగే" అన్నాడు మందుల షాపాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురితో కలిసి నవ్వితే ఎలా ఉంటుందో మర్చిపోయాను, దవడలు నొప్పెట్టాయి.

కింది అంతస్తు ఆయన నిలబడి గట్టిగానే వాదించాడు. ఈ డబ్బు బ్యాంకులో వేసుకుంటే వడ్డీ అయినా వస్తుంది కదా అన్నాడు. గొడుగాయన జవాబు చెబుతూ, కరెంటు రేటు పెరిగిన కొద్దీ మీ డబ్బు ముందే తిరిగొస్తుంది, బ్యాంకు వడ్డీ అలా పెరగదు అన్నాడు. ఎవరి మాట నమ్మాలో నాకు తెలీలేదు. అయినా రెండింటికీ బయానా కట్టి వచ్చాను, సంతకాలు అయ్యేదాకా వెనక్కి తీసుకోవచ్చట. నా వయసుకి ఏడెనిమిదేళ్ళంటే ఎంత దూరమో నువ్వే చెప్పు.

మీటింగు అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. నేను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి వచ్చాను. పేర్చమని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి చేసేదేముంది అని.

వదిన

*

మెట్ల కింది గది

వదినా,

సరే, గారు తీసేశాను. ఇక సణగకు.

నేను బాగానే ఉన్నాను. పనికి అలవాటుపడ్డ చేతులు ఊరుకోవు, నిన్న నా దుప్పటే నాలుగుసార్లు మడతపెట్టి విప్పాను. మిషన్ల మోత లేకపోతే చెవుల్లో ఇంకో రకం మోత వినిపిస్తోంది. డాక్టరు, అది మామూలేనమ్మా అన్నాడు. ఇక్కడ పైన ఎవరు మెట్లు దిగుతున్నారో అడుగుల్ని బట్టి చెప్పగలను. ఒకాయన బరువుగా దిగుతాడు, చివరి మెట్టు మీద ఆగుతాడు, తాళంచెవి తెచ్చుకున్నానా లేదా అని జేబు తడుముకుంటాడు కాబోలు. నాకు చెవుడు అంటావు కానీ అడుగులు బాగానే వినిపిస్తాయి.

సోలారు సంగతి. మీటింగులో ఆ కింది అంతస్తు ఆయన అన్నది సబబుగానే ఉంది. కానీ రేటు పెరుగుతుందన్నది కూడా నిజమే. కాబట్టి తేల్చాల్సింది రేటు కాదు, నీ వాడకం. నీ వాడకానికి తగ్గట్టు ఒక్క వాటా తీసుకుంటే ఎప్పటికో అప్పటికి గిట్టుబాటు అవుతుంది, నష్టం లేదు. రెండు తీసుకుంటే మాత్రం ఎన్నేళ్ళు బతికినా గిట్టదు. ఒక వాటా అంతా ఏడాదేడాదీ గాలికి పోతుంది. అన్నయ్య ఆ డబ్బు కోసం లిఫ్టు గుంతల్లో నూనె మరకల మధ్య ఎన్నేళ్ళు కూర్చున్నాడో నీకు నేను చెప్పాలా? దాన్ని అలా గాలికి వదలకు.

అసలు రెండెందుకు? పోయిన ఉత్తరంలోనూ అడిగాను, నువ్వు చెప్పలేదు. గొడుగాయన మొహమాటపెట్టాడా? నీకు "వద్దు" అనడం చేతకాదు, అది నాకు తెలుసు. పోనీ నేను ఆయనకి రెండు ముక్కలు రాయనా?

పిట్ట

*

మూడో అంతస్తు

పిట్టా,

సోలారు తర్వాత. ముందు నాకొకటి చెప్పు.

నీ ఉత్తరం పైన "మెట్ల కింది గది" అని ఉంది. చిన్నప్పుడు మీ నాన్న నేర్పిన అలవాటు మీ ఇద్దరిదీ. ఎక్కడ కూర్చుని రాస్తున్నారో అబద్ధం లేకుండా పైన రాయాలని. మీ అన్నయ్య డ్యూటీలోంచి రాసినా "లిఫ్టు గుంత, అడుగున" అనే పెట్టేవాడు. నువ్వు ఎన్నయినా దాస్తావు, పైన ఆ ఒక్క ముక్క మాత్రం దాచలేవు.

మీ క్వార్టరు ఒక్క అంతస్తు. దానికి మెట్లెక్కడివి?

మిషన్ల మోత లేదన్నావు. ఆ మాట చదివేటప్పుడు సెలవేమో అనుకున్నాను. కత్తెర పట్టుకుని ఓ చొక్కా చెయ్యి కత్తిరిస్తుంటే తట్టింది. కత్తెర అక్కడే పెట్టేశాను. ఉద్యోగం అయిపోయింది కదూ? క్వార్టరు తీసేసుకున్నారు కదూ? ఏదో ఇంటి మెట్ల కింద, మంచం పడితే తలుపు తెరుచుకోని గదిలో ఉన్నావు కదూ? నాకు ఒక్క ముక్క చెప్పకుండా!

బయల్దేరి రా. గదికేం, ఇద్దరం సర్దుకుంటాం. నువ్వే అన్నావుగా, ఒక్కదానికైతే రెండో వాటా గాలికి పోతుందని. ఇద్దరముంటే పోదు. నీకొక ఫ్యాను, నీ దీపం, నువ్వు కాచుకునే వేణ్ణీళ్ళు, అన్నిటికీ సరిపోగా ఇంకా మిగులుతుంది. నువ్వొస్తే రెండు వాటాలూ గిట్టుబాటే. లెక్క సరిగ్గా ఉందా లేదా నువ్వే చూడు.

వదిన

*

మెట్ల కింది గది

వదినా,

లెక్క సరిగ్గానే ఉంది. చాలా బాగుంది.

మిగిలిపోయే కరెంటు ఖర్చుపెట్టడానికి మనిషి కావలిసొచ్చిందా నీకు? పిట్ట వస్తే ఒక ఫ్యాను, పిట్ట వస్తే ఒక దీపం. వాటా దండగ కాకూడదని నన్ను పిలుస్తున్నావు. నేను సామాను కాదు వదినా, ఖాళీగా ఉంది కదా అని ఒక మూలకి సర్దడానికి.

దాచానన్నావు. సరే, ఇప్పుడు మొత్తం చెబుతాను. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. కానీ ఇంకో ఏడాది ఉండమన్నారు. కొత్తవాళ్ళకి మిషన్లు నేర్పాలి, క్వార్టరు కూడా ఉంచుకో అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆ వారమే నీ కార్డు వచ్చింది. మా వీధిలో వాటాలు, రెండు తీసుకుంటాను, ఒకటి నీ పేరున. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి పోయి, వద్దండీ, మా వదిన నాకు వాటా చూసింది, వెళ్ళిపోతున్నాను అని చెప్పేశాను. మా వదిన అని ఎంత గొప్పగా చెప్పానో! మంచం పక్క క్వార్టరామెకి ఇచ్చేశాను. బీరువా ఇచ్చేశాను. అక్కడేదో ఒకటి కొనుక్కుందాం, కొత్త ఇంట్లోకి పాత సామాను ఎందుకని.

తర్వాత నీ రెండో ఉత్తరం వచ్చింది. సోలారట. నువ్వు త్యాగం చేయక్కర్లేదట. నేను బాగానే ఉన్నానట.

మళ్ళీ ఆఫీసుకి పోయి, కాదండీ ఉంటాను అనడానికి నాకు మొహం చెల్లలేదు. పోయినా లాభం ఉండేది కాదు, నా స్థానంలో అప్పటికే ఒకామెని వేసేశారు. ఇందులో నీ తప్పు లేదు. వాటా అనే మాటకి నాకు ఒక్క అర్థమే తోచింది, అది నా తప్పు. ఇంకెవరైనా అయితే "ఏం వాటా?" అని అడిగి ఉండేవాళ్ళు. నేను అడగలేదు. అడిగితే కాదంటావేమోనని అడగలేదేమో కూడా.

నాకిక్కడ బాగానే ఉంది. గది వెచ్చగా ఉంటుంది. కిటికీ లేదు, కిటికీ లేకపోతే తుడిచే పనీ లేదు. నా గురించి బెంగపడకు. ఆ రెండో వాటా వెనక్కి ఇచ్చెయ్యి. అన్నయ్య డబ్బు బ్యాంకులో వెయ్యి.

ఇక నన్ను రమ్మనకు.

పిట్ట

*

మూడో అంతస్తు, మీ అన్నయ్య కుర్చీలో

పిట్టా,

నువ్వు ఏ మాటన్నా పడతాను. బాగానే ఉన్నానని మాత్రం రాయకు. ఆ మాట మొదలుపెట్టింది నేనే, దాంతో ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం ఎంత మోసం చేసుకున్నామో చూడు.

రెండెందుకు అని అడిగావు. ఒకటికి రెండుసార్లు అడిగావు. నేను తప్పించుకుంటూనే ఉన్నాను. ఇవాళ చెబుతాను, ఎవరికీ చెప్పకు.

గొడుగాయన వచ్చిన రోజున లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. ఆయన కాగితం తీసి, పేరు రాసుకుని, "ఇంట్లో ఎంతమందండీ?" అన్నాడు. నేను "ఇద్దరం" అన్నాను.

ఆలోచించి అనలేదు. నోట్లోంచి అదే వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరు అడిగినా అదే కదా చెబుతూ వచ్చాను. పిల్లలు లేరు కాబట్టి ఆ అంకె ఎన్నడూ మారలేదు, నాకు మార్చి చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆయన రాసుకున్నాడు. ఈ కుర్చీ వైపు చూశాడు. దీని మీద మీ అన్నయ్య స్వెట్టరు వేసి ఉంది, మోచేతి దగ్గర చిరిగితే కుడదామని వేశాను, అప్పట్నుంచీ అలాగే ఉంది. "మీవారు పనికి వెళ్ళారా?" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

ఇద్దరున్న ఇంటికి రెండు వాటాలు, రెండో దానికి ధర తగ్గింపు. అలా పడ్డాయి నా నెత్తిన రెండు వాటాలు. రెండోది ఎవరి పేరున అన్నాడు. అప్పుడు నా నోటికి ఇంకెవరి పేరూ రాలేదు పిట్టా. మా ఆడపడుచుని అడిగి చెబుతానన్నాను. ఆ సాయంత్రమే నీకు కార్డు రాశాను.

అప్పుడే దిద్దుకోవచ్చు. పరుగెత్తి మెట్లు దిగి, అయ్యా, పొరపాటు, నేనొక్కదాన్నే అని చెప్పొచ్చు. చెప్పలేదు. సిగ్గు వల్ల కాదు. ఆ మాట అన్నాక ఆ పూటంతా ఇల్లు కాస్త ఇల్లులా అనిపించింది. టీ పెట్టుకుంటే రెండు కప్పులు పెట్టాను, రెండూ నేనే తాగాను. నువ్వు రాసిన ఆ దుప్పటి ఉత్తరం వచ్చినప్పుడు నిజంగానే ఇద్దరం అయిపోతామేమో అనుకున్నాను. అంతలోనే, నన్ను చూసి జాలిపడుతోంది, దీని బతుకు నేను పాడుచేయకూడదు అని పెద్దరికం తెచ్చిపెట్టుకుని ఆ త్యాగం గీగం అన్న ముక్కలు రాశాను. రాసి పోస్టులో వేసి, తిరిగొస్తూ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అది కూడా నీకు రాయాల్సింది.

కరెంటు కోసం పిలిచానన్నావు. కాదు. కరెంటు అడ్డం పెట్టుకుని పిలిచాను. ఊరికే రమ్మంటే రావేమో, లెక్క చూపిస్తే లెక్కల మనిషివి కాదనలేవేమో అనుకున్నాను. అంత తెలివితక్కువ పని చేశాను.

ఇక సోలారు గిట్టుబాటా కాదా అంటే, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క మనిషికి గిట్టదు. ఏదీ గిట్టదు. ఒక్కదానికి వంట గిట్టదు, ఒక్కదానికి దీపం వేసుకోవడం గిట్టదు, చీకటి పడ్డాక ఊరికే కూర్చుంటున్నాను.

ఈ వారాంతానికి సొసైటీ నుంచి ఒకావిడ ఇంటింటికీ వస్తుందట, రాసుకున్నవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకాలు పెట్టించుకోవడానికి. ఒక వాటా వెనక్కి ఇచ్చేస్తే పుట్టి మునిగేదేం లేదు, కట్టిన డబ్బు ఇచ్చేస్తారు. కానీ దానికి "ఒక్కదాన్నే" అని పైకి అనాలి. ఇంతవరకూ ఎవరితోనూ ఆ మాట నోటితో అనలేదు నేను. నీతో కూడా ఇలా కాగితం మీదే.

రమ్మనకు అన్నావు. రమ్మంటున్నాను. రెండు వాటాలూ వెనక్కి ఇచ్చేసి, ఒక్క పలక కూడా లేకుండా, చీకట్లో కూర్చోవాల్సొచ్చినా సరే, ఇద్దరం కూర్చుందాం. నాకోసం రా పిట్టా. నీకు నేను కావాలో వద్దో నాకు తెలీదు. నాకు నువ్వు కావాలి.

వదిన

*

మెట్ల కింది గది, పెట్టె మీద కూర్చుని

వదినా,

నీ ఉత్తరం చదివి ముగించాను. పైన ఆ బరువాయన దిగాడు, చివరి మెట్టు మీద ఆగాడు, జేబు తడుముకున్నాడు, వెళ్ళిపోయాడు. ఇక ఆయన అడుగులు వినక్కర్లేదనుకుంటే నవ్వొచ్చింది.

కావాలో వద్దో తెలీదట! మర్నాడే పరుగెత్తి ఉద్యోగం వదిలేసినదాన్ని ఇంకెలా చెప్పమంటావు?

కొన్ని సంగతులు ముందే తేల్చుకుందాం. అన్నయ్య కుర్చీ కదపకు, స్వెట్టరు కూడా తియ్యకు. మోచెయ్యి నేను పట్టుకుంటాను, నువ్వు కుట్టు. మంచం కొనకు, నేల నాకు అలవాటే. నేను పొద్దున్నే లేచి గిన్నెలు చప్పుడు చేస్తాను, చెవుడు వల్ల ఎంత చప్పుడవుతోందో నాకు తెలీదు, విసుక్కోకుండా చెప్పు. పలకలు కడిగే వంతు వస్తే నేనెక్కుతాను, నువ్వు కింద నిలబడి జాగ్రత్త జాగ్రత్త అని కేకలెయ్యి. ఎలాగూ నాకు వినపడదు.

వాటాలు రెండూ ఉంచు. ఇద్దరి వాడకానికీ మళ్ళీ లెక్క వేశాను, ఈసారి వేణ్ణీళ్ళు కూడా కలిపాను. పెట్టింది తిరిగి రావడానికి ఏడెనిమిదేళ్ళూ పడుతుంది, తగ్గదు. అన్నేళ్ళూ నాతో పడాలి, ముందే చెబుతున్నాను.

గిడ్డంగి కప్పు మీద ఎండ గురించి అన్ని ఉత్తరాలు రాశావు. మీ ఇంటి కిటికీలో ఎండ పడుతుందో లేదో మాత్రం ఒక్కసారీ రాయలేదు. పడకపోయినా ఫర్వాలేదు. దుప్పటి ఆరేయడానికి చోటుంటే చాలు.

టిక్కెట్టు తీసుకున్నాను. ఆ సొసైటీ ఆవిడ నాకన్నా ముందే వచ్చి, ఇంట్లో ఎంతమంది అని అడిగితే, నువ్వు ముందు చెప్పిందే చెప్పు. రెండో మనిషి ఏదీ అంటుంది. దారిలో ఉందని చెప్పు.

పిట్ట